గృహిణికి పదవీ విరమణ ఎన్నడు?

గడచిన క్రోధి నామ సంవత్సరమున మా యింట మూడు సంఘటనలు జరిగినవి. 2024 జూన్ 30వ తేదీన నేను ప్రభుత్వ కళాశాలలో తెలుగు ఉపన్యాసక పదవినుండి విరమించితిని. శ్రావణమాసమున నా భార్యకు గుండెపోటు వచ్చినది. కార్తికము నాటికి మేమిరువురము, ముప్పది యెనిమిదేండ్ల దాంపత్యములో మొదటిసారిగా, పెండ్లికో పేరంటమునకో తీర్థమునకో గాక కేవలము ఆరుబయట నడచుటకై కలిసి గడప దాటుట నేర్చుకొంటిమి. ఈ మూడును ఒకదానితో నొకటి పెనవేసికొని యున్నవని నాకు తెలియుటకు సంవత్సరమంతయు పట్టినది. తెలిసినదానిని పత్రికాముఖమున చెప్పుటకు కారణమొక్కటే: మా యింటి వంటి యిండ్లు మన పట్టణములలో వీథికి పది యున్నవి, ఆ యిండ్ల పురుషులు రేపో మాపో శాలువలు కప్పించుకొని యింటికి రానున్నారు.

ఉద్యోగి యెప్పుడు విశ్రమింపవలెనన్న విషయమై లోకము చిరకాలముగా యోచించుచునే యున్నది. జర్మనీలో బిస్మార్కు 1889లో వృద్ధాప్య పింఛను చట్టమును తెచ్చినప్పుడు అర్హతా వయస్సు 70 ఏండ్లుగా నిర్ణయింపబడినది. 1916లో అది 65కు దిగినది. మన రాష్ట్రమున 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించినప్పుడు ఉద్యోగులు వీథుల కెక్కిరి. పిదప అది మరల 58 అయినది. 2014లో 60కిని, 2022లో 62కును పెరిగినది. తెలంగాణమున 2021 నుండి 61గా నున్నది. ఈ చర్చలలో నేనును పాల్గొన్నవాడనే. అర్జిత సెలవుల లెక్క, గ్రాట్యుటీ లెక్క, కమ్యుటేషను లెక్క వ్రేళ్లమీద చెప్పగలవాడనే. అయినను, తెల్లవారుజామున లేచి రాత్రి పది గంటలకు వంటిల్లు కడిగి పడుకొను మనిషి యే వయస్సున విశ్రమింపవలెనన్న ప్రశ్న, ఆ మనిషి నా యింటనే యుండగా, నాకు ఒక్కనాడును తోచలేదు.

వీడ్కోలు సభనాడు ఆమెను కూడ వేదికమీదికి పిలిచి నా ప్రక్కన కుర్చీలో కూర్చుండబెట్టిరి. నాకు శాలువ, ఆమెకు పట్టుచీర, ఇద్దరకును గంధపు దండలు. వక్తలందరును "ఇక దంపతులిద్దరూ హాయిగా విశ్రాంతి తీసుకోవాలి" అని ఆకాంక్షించిరి. ఆ మాట వారు మనస్ఫూర్తిగనే యనిరి. నేనును మనస్ఫూర్తిగనే వింటిని. మరునాటి ఉదయమున నేను ఆలస్యముగా లేచితిని కనుక ఆమె కాఫీ రెండు పర్యాయములు కాచవలసి వచ్చినది. మునుపు ఎనిమిదిన్నరకు నా భోజనపు డబ్బా కట్టి పంపిన పిమ్మట మధ్యాహ్నము వరకు ఆమెకు కొంత తెరపి యుండెడిది. ఆ సమయమున పత్రిక చదువుకొనెడిది, పెరటిలోని కనకాంబరములకు నీరు పోసెడిది, ఎదురింటివారితో నాలుగు మాటలాడెడిది. నేను దినమంతయు ఇంటనుండుటతో ఆ తెరపి పోయినది. పదకొండు గంటలకు మజ్జిగ, ఒంటిగంటకు వేడివేడి అన్నము, నాలుగింటికి మరల కాఫీ, నన్ను చూడవచ్చిన మిత్రులకు పలహారము. నా పని సున్నయైన దినముననే ఆమె పని పెరిగినది. ఈ లెక్కను నేను చూడలేదు. చూడవలెనని నాకెవ్వరును చెప్పలేదు.

మా యింటి లెక్క దేశపు లెక్కకు భిన్నమైనది కాదు. జాతీయ గణాంక కార్యాలయము 2019లో జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటివారి కొఱకు వేతనము లేని గృహకృత్యములు చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును అందుకు వెచ్చించుచున్నట్లు తేలినది. అదియు, అట్టి పనులలో చేయి పెట్టు స్త్రీలు నూటికి 81 మంది కాగా పురుషులు 26 మందియే. 299 నిమిషములనగా ఇంచుమించు ఐదు గంటలు. పండుగ వచ్చిన దినమున అవి ఇంకను పెరుగును.

2024లో వరలక్ష్మీ వ్రతము ఆగస్టు 16వ తేదీన వచ్చినది. ముందునాడు, గురువారము సాయంత్రమే, ఆమెకు వీపున రెండు రెక్కల నడుమ నొప్పి యారంభమైనది. దవుడ లాగుచున్నదని కూడ అనెను. పప్పు రుబ్బుచు, ఓబట్లకు పూర్ణము కలుపుచు, నడుమ నడుమ గోడ కానుకొని నిలుచుండెను. నేనడుగగా, "ఏం లేదండీ, వాయువు పట్టినట్టుంది. కాస్త వాము నమిలితే అదే పోతుంది" అనెను. శుక్రవారము కలశము నిలిపి, పూజ ముగించి, తోరము కట్టుకొని, పదునొకండుగురు ముత్తైదువలకు తాంబూలము లిచ్చి, చివరి యామెను వాకిలి దాక సాగనంపి వచ్చి, అప్పుడు మంచముపై వ్రాలెను. నుదుట చెమట, ఊపిరి యందకుండెను. దగ్గరనున్న యొక చికిత్సాలయమునకు తీసికొనిపోగా గ్యాసుకు మాత్రలిచ్చి పంపివేసిరి, ఇ.సి.జి. తీయలేదు. రాత్రి వాంతులైన పిదప మరియొక వైద్యుడు తీసెను. ఆ కాగితమును చూచినంతనే ఆయన మరి మాటలాడక ఆస్పిరిన్ నమిలించి, ఆంబులెన్సు పిలిపించి తిరుపతికి పంపెను. మా యూరు మదనపల్లెనుండి తిరుపతికి పోవు త్రోవ అంత దీర్ఘమైనదని నేనెన్నడును ఎరుగను. భాకరాపేట కనుమ మలుపులలో ఆమె చేయి పట్టుకొని కూర్చున్నప్పుడు, ఆ చేతిమీద ఇంకను పూర్ణపు బెల్లపు వాసన యుండెను.

గుండెపోటనగా పురుషుడు రొమ్ము పట్టుకొని కూలిపోవుటయే మన మనస్సులలో నాటుకొన్న చిత్రము. స్త్రీలకును రొమ్ము నొప్పి వచ్చుట కద్దు. కాని వారిలో పలువురకు వీపు నొప్పి, దవుడ నొప్పి, ఊపిరాడకపోవుట, వాంతి, కారణము తెలియని మహా నిస్త్రాణ అను రూపములలో అది వచ్చును. రక్తనాళము మూసికొనిన పిదప గుండె కండరము గంట గంటకును నశించుచునే యుండును గనుక, ఆలస్యమైన ప్రతి గంటకును మూల్యము చెల్లింపక తప్పదు. మేము ఒక పగలును రెండు రాత్రులను ఆలస్యము చేసితిమి. ఆ ఆలస్యములో ఆ చికిత్సాలయపు వంతు కొంత కలదు. నా వంతు అంతకంటె హెచ్చుగా కలదు. గోడ కానుకొని నిలుచున్న మనిషిని చూచియు, పండుగ పని కదా యని యూరకుంటిని.

మూసికొనిపోయిన నాళమును బుడగతో తెరచి, అందులో స్టెంటును అమర్చిరి. బుడగతో నాళమును తెరచు విధానమునకు ఆద్యుడు ఆండ్రియాస్ గ్రుయెంట్జిగ్ అను వైద్యుడు. 1977 సెప్టెంబరులో స్విట్జర్లండులోని జ్యూరిచ్ నగరమున మొట్టమొదటిసారి మనిషి గుండె నాళమును ఆయన బుడగతో తెరచెను. అందుకు కావలసిన బుడగ గొట్టముల తొలి నమూనాలను ఆయన తన యింటి వంటగదిలో, బల్లమీద, భార్యతోను సహాయకురాలితోను కూర్చుండి, జిగురుతో అతికి చేసెనని ఆసుపత్రి వరండాలో కూర్చున్న దినములలో చదివితిని. ఒక వంటగదిలో పుట్టిన వస్తువు మరియొక వంటగదిలో అలసిపోయిన ప్రాణమును నిలిపినదన్న తలపు నన్ను చాల కాలము విడువలేదు.

ఐదవ దినమున ఇంటికి పంపుచు వైద్యులు మాత్రల చీటీతోపాటు నోటిమాటగా ఇంకొక మందు చెప్పిరి: నడక. మొదటి వారము ఇంటిలోనే ఐదేసి నిమిషములు, పిదప వీథిలో పది నిమిషములు, క్రమముగా అరగంట. వేగమునకు కొలత యేమని యడుగగా, "మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి; అంత వేగం చాలు" అనిరి. ఈ కొలత నాకు మిక్కిలి నచ్చినది. ఒంటరిగా నడచువానికి ఈ పరీక్ష సాధ్యము కాదు. మాటలాడుటకు ప్రక్కన మనిషి యుండవలెను.

1974లో మా నాయనగారికి గుండెపోటు వచ్చినప్పుడు నెలన్నర మంచము దిగనీయలేదు. మంచినీళ్ల చెంబు కూడ చేతి కందించితిమి. ఆయన కోలుకొనలేదు. అప్పటికే, 1952లో, బోస్టన్ వైద్యులు శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అనువారు గుండె రోగిని మంచమున కట్టివేయుట మేలు కాదనియు, కుర్చీలో కూర్చుండనీయవలెననియు ప్రకటించి యుండిరి. మరుసటి యేడు, 1953లో, జెర్రీ మోరిస్ అను బ్రిటిష్ వైద్యుడు లండన్ నగరపు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి, దినమంతయు కూర్చుండి బండి నడపు డ్రైవర్లకంటె, టికెట్ల కొఱకు దినమునకు కొన్ని వందల మెట్లెక్కి దిగు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుచున్నదని లోకమునకు చాటెను. ఆ మాటలు మా పల్లెకు చేరుటకు చాల కాలము పట్టినది. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారమునకు కనీసము 150 నిమిషముల నడకయో, అట్టి శ్రమయో కావలెనని చెప్పుచున్నది. ఆమె దినమంతయు ఇంటిలో తిరుగుచునే యున్నది కదా, వేఱుగ నడక యేల యని మొదట నేను అనుకొంటిని. వంటింటి తిరుగుడు అలసటను మిగుల్చును. ఆగక సాగు నడక ఊపిరిని పెంచును.

ఆరంభమున నేను ఎదుర్కొన్న చిక్కు వైద్యశాస్త్రమునకు సంబంధించినది కాదు. మదనపల్లె సముద్రమట్టమునకు దాదాపు ఏడువందల మీటర్ల యెత్తున నున్న ఊరు. ఇక్కడి ఉదయపు గాలి చల్లనిది. నడచుటకు అంతకు మించిన వేళ లేదు. ఆ వేళ మాత్రము ఆమెది కాదు. ఐదున్నరకు పాలు వచ్చును, ఆరింటికి కాఫీ, ఏడింటికి పలహారము, ఎనిమిదింటికి కూర. ఆసుపత్రినుండి వచ్చిన పది దినములకు మా కుమార్తె తన యూరికి పోగానే, వద్దన్నను వినక ఆమె మరల పొయ్యి యెదుట నిలిచెను. "సాయంత్రం నడుస్తాలెండి" అనెను. సాయంత్రము దీపారాధన, రాత్రి వంట. మూడు దినములు నడక సాగలేదు. నాలుగవ దినమున నాకు అర్థమైనది: ఆమెకు ఉదయమును ఇయ్యవలెనన్నచో, ఆ ఉదయమున జరుగు పనిని నేను తీసికొనవలెను. వేఱు మార్గము లేదు.

అరువది రెండేండ్ల వయస్సున నేను డికాక్షను దింపుట నేర్చుకొంటిని. బియ్యమునకు నీటి కొలత, పోపు మాడక ముందే కరివేపాకు వేయవలసిన క్షణము, ఇడ్లీ పిండి పులియుటకు చలికాలమున పట్టు కాలము నేర్చుకొంటిని. అన్నింటిలోను కష్టమైనది రాగిసంగటి. ఉడుకుచున్న నూకలో పిండి పోసి, ఉండ కట్టకుండ తెడ్డుతో కెలుకుటకు భుజబలము కావలెను. మొదటి వారము నా చేతులు రాత్రులు తీపులు తీసినవి. ఈ పనిని నా గుండెకంటె బలహీనమైన గుండెతో ఆమె ముప్పది యెనిమిదేండ్లు చేసినది. ఉప్పు దినమునకు ఐదు గ్రాములు దాటరాదనిరి గనుక ఊరగాయయు అప్పడమును తగ్గించితిమి. అందుకు ఆమెను ఒప్పించుట నడకకు ఒప్పించుటకంటె కష్టమైనది. నేను వంట చేయుచున్నానని తెలిసి బంధువులలో కొందరు జాలిపడిరి, కొందరు మెచ్చుకొనిరి. రెండును నాకు బాధనే కలిగించినవి. ఆమె చేసినన్నాళ్లు జాలిపడినవారును లేరు, మెచ్చుకొన్నవారును లేరు.

వీథిలోనికి వచ్చిన పిదప రెండవ చిక్కు ఎదురైనది. మన పట్టణములలో నడచువానికి స్థలము లేదు. కాలిబాట యున్న చోట దుకాణపు సామానులును మోటారు సైకిళ్లును నిలిచియుండును. లేనిచోట మురుగు కాలువమీది బండలు ఊగుచుండును. గుండెపోటు వచ్చిన మనిషి పది నిమిషములకొకసారి కూర్చుండవలెనన్నచో ఒక్క సిమెంటు బల్ల లేదు. ఇంకొకటి, స్త్రీలు సిగ్గుచే పైకి చెప్పనిది: రక్తపోటుకు, గుండెకు ఇచ్చు మాత్రలలో కొన్ని మూత్రమును అధికము చేయును, దారిలో మరుగుదొడ్డి లేదు కనుక వారు నీళ్లు త్రాగక బయలుదేరుదురు, లేదా బయలుదేరుటయే మానుదురు. మేము పోవు కళాశాల మైదానమున ఉదయము నడచువారిలో మొదట పది మంది పురుషులకు ఇద్దరు స్త్రీలైనను కనబడలేదు. 2007లో మన రాష్ట్రమున ఆరోగ్యశ్రీ పథకము వచ్చిన పిదప పేదవానికి కూడ గుండె శస్త్రచికిత్స అందుబాటులోనికి వచ్చినది. అది నిస్సంశయముగా గొప్ప మేలు. ఆ శస్త్రచికిత్స ఫలము నిలుచుటకు కావలసిన నడక బాటను వేయుట దానితో పోల్చినచో పెద్ద ఖర్చు కాదే. దానిని గూర్చి యెవ్వరును ఏల తలపరు?

మా యూరి చరిత్ర యెరిగినవారికి ఈ మాట మఱియు నొచ్చును. మదనపల్లె చెంతనే ఆరోగ్యవరము కలదు. క్షయకు మందు లేని కాలమున, ఇరువదవ శతాబ్దపు రెండవ దశకమున, క్రైస్తవ మిషనులు కలిసి అక్కడ శానిటోరియము నెలకొల్పి, డెన్మార్కు దేశీయుడైన డాక్టరు ఫ్రిమోట్ మోలరు ఆధ్వర్యమున, గాలి, వెలుతురు, విశ్రాంతి, పుష్టికరాహారము అనువానితో చికిత్స చేసిరి. ఆ గాలికై దేశము నలుమూలలనుండి రోగులు వచ్చిరి. నిజము చెప్పవలెను: గాలి క్షయను నయము చేయదు. 1956లో మద్రాసున ఆరంభమై 1959లో వెలువడిన పరిశోధన, మందులు సరిగా వాడినచో ఇరుకింటిలోని రోగికిని శానిటోరియములోని రోగికిని ఫలితము సమానమేనని నిరూపించినది. నేను ఆరుబయలును సర్వరోగ నివారిణిగా కీర్తింపను. నా భార్య ప్రాణమును నిలిపినది స్టెంటును మాత్రలును. కాని ఆ ప్రాణము మరల బ్రదుకుగా మారినది మాత్రము బయటి గాలిలోనే. ఇది నేను కన్నులార చూచిన విషయము. ఒకప్పుడు గాలి కొఱకే పరులు వెదకికొని వచ్చిన ఊరిలో, ఆ ఊరి ఆడపడుచు ఆ గాలిని పీల్చుచు నడచుటకు జానెడు బాట లేకపోవుట అన్యాయము.

కార్తికమాసమున, వైద్యుల అనుమతితో, హార్సిలీ కొండకు పోయితిమి. మా యూరికి ముప్పది కిలోమీటర్ల లోపే. డబ్ల్యు.డి. హార్సిలీ అను కడప కలెక్టరు పేరు దానికి రాకముందు అది ఏనుగు మల్లమ్మ కొండ; ఏనుగులు పెంచిన మల్లమ్మ అను బిడ్డ పెద్దదై కొండవాసుల రోగములను మాన్పెనని కథ, ఆమెకు గుడి యున్నది. నీలగిరి చెట్ల నడుమ బస్సు దిగి గాలిబండ వైపు నడచితిమి. పులిహోరయు పెరుగన్నమును నేను కట్టి తెచ్చితిని. దారిలో ఒక పొదమీద పికిలిపిట్ట యొకటి, కంఠమున పసుపు పూసికొన్నట్లున్నది, వాలినది. దక్షిణదేశపు రాతిగుట్టలలో తప్ప ఇంకెక్కడను కనబడని జాతి యది. ఆమె చాలసేపు దానినే చూచుచు నిలిచెను. గాలిబండమీద కూర్చుండి, కొంగు ఎగిరిపోకుండ రెండు చేతుల పట్టుకొని, క్రింద పరచుకొన్న పొలములను చూచి, "ఇంత దగ్గర ఉంటే ఇన్నాళ్లూ ఎందుకు రాలేదండీ మనం?" అనెను.

నేను వచ్చితిని. విద్యార్థులతో, సహోద్యోగులతో, ఇరువదిసారులైనను వచ్చియుందును. ఆమె కూడ ఒక్కసారి వచ్చినది, కళాశాలవారి కార్తిక వనభోజనమునకు. ఆ దినమంతయు ఉసిరిచెట్టు క్రింద తక్కిన గృహిణులతో కలిసి పొయ్యివద్ద గడపెను. అరువదిమందికి వండి, వడ్డించి, పాత్రలు కడుగుసరికి ప్రొద్దు వాలినది. మేము పురుషులము భోజనానంతరము ఈ బండమీదనే కూర్చుండి సాహిత్య ప్రసంగములు చేసితిమి. ఆమె ప్రశ్నకు ఈ సంగతియే సమాధానము. దానిని ఆమెతో చెప్పితిని. ఆమె నన్ను నిందింపలేదు. "ఆ రోజు వంకాయ కూర బాగా కుదిరింది" అని మాత్రము అనెను.

పుష్యమాసమునకు అరగంట నడక ముప్పావుగంట అయినది. బసినికొండ మెట్లు ఆగి ఆగి యెక్కినది. ఎదురింటి అక్కగారు, ఆమె చెల్లెలు, పాలకేంద్రము వద్ద పరిచయమైన మరి ముగ్గురు స్త్రీలు ఆమెతో చేరిరి. ఇప్పుడు నేను లేకున్నను ఆమె నడక సాగును, మాటల పరీక్షకు మనుషుల కొరత లేదు. మేము పూర్వము అనుకొన్న కాశీయాత్ర జరుగలేదు. జరుగనందుకు మాకు విచారము లేదు.

ఈ నెలాఖరున విరమించు నా తోటి ఉద్యోగులకు చెప్పదలచినది: పింఛను కాగితములు సరిచూచుకొన్నట్లే, మీ యింట ఎవరు ఏ గంటకు లేచి ఏ గంటకు పడుకొనుచున్నారో ఒక వారము కాగితముపై వ్రాసి చూడుడు. ఆమె వీపు నొప్పి యన్న దినమున గ్యాసని సరిపెట్టక, ఇ.సి.జి. తీయించుడు. వీడ్కోలు సభలు జరుపు సంఘములవారు ఆమెకు చీర పెట్టుటతో ఆగక, విరమించినవాడు మరునాటి ఉదయపు కాఫీ తానే కాచునట్లు వేదికమీదనే మాట తీసికొనుడు. ఇక పురపాలకులకు నా విన్నపము చాల చిన్నది. మా వీథి చివరనుండి కళాశాల మైదానమునకు కిలోమీటరున్నర. ఆ దూరమున ఊగని బండలు పరపించుడు, నాలుగు సిమెంటు బల్లలు వేయించుడు, స్త్రీలకు ఒక మరుగుదొడ్డి కట్టించుడు. ఆరుగురు స్త్రీలు రేపు ఉదయమును ఐదున్నరకే ఆ దారిని బయలుదేరుదురు.